కామెంట్లు నలభై, జవాబు సున్నా

మిరప రైతుల ఫేస్‌బుక్ గ్రూపుల్లో ప్రతి సీజన్‌లోనూ కనబడే పోస్టు ఒకటుంది. ముడుచుకుపోయిన ఆకు ఫొటో, దాని కింద ఒకే లైను: "అన్నా, ఏ మందు కొట్టాలి?" చూస్తుండగానే నలభై కామెంట్లు వచ్చేస్తాయి. పది మంది పది మందుల పేర్లు చెబుతారు. ఇంకో పది మంది "మాకూ ఇదే సమస్య" అంటారు. ఒకరు "ఇన్‌బాక్స్ చెయ్యండి" అంటారు, ఒకరు ఫోన్ నంబర్ పెడతారు, నలుగురు దండం బొమ్మ పెడతారు, ఒక పెద్దాయన మాత్రం "ఇన్నేళ్లు సేద్యం చేసి ఇది కూడా తెలీదా" అని చీవాట్లు పెడతాడు. ఇంతమందిలో ఆ రైతును తిరిగి ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు మాత్రం అరుదు: ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?

ఆ ఒక్క ప్రశ్న మీద మొత్తం ఖర్చు ఆధారపడి ఉంటుంది. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది సాధారణంగా తామర పురుగుల పని, పై ముడత అంటారు. కిందికి ముడుచుకుని ఆకు కాడలు సాగితే అది తెల్లనల్లి, కింది ముడత. మొదటిదానికి కొట్టే మందు రెండోదానికి పని చెయ్యకపోవచ్చు, ఒక్కోసారి ఎదురు తిరగొచ్చు కూడా. సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందులు అదే పనిగా కొడితే నల్లి తగ్గకపోగా పెరుగుతుంది. ఇవి రెండూ కాక జెమినీ వైరస్ ఉంది. అది తెల్లదోమ మోసుకొచ్చే తెగులు, సోకిన మొక్కను బాగు చేసే మందే లేదు, పీకి పారేసి దోమను అదుపు చేసుకోవాల్సిందే. అంటే చూడ్డానికి దాదాపు ఒకేలా ఉన్న ఫొటోకి మూడు వేర్వేరు జవాబులు ఉండొచ్చు, అందులో ఒకటి "ఈ మొక్కను మందుతో కాపాడలేం" అన్నది. 2021-22లో నల్ల తామర పురుగు కొత్తగా వచ్చి, పూతలో చేరి, ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో మిరపను దెబ్బతీసినప్పుడు, ఎవరు ఏ పేరు చెబితే ఆ డబ్బా కొని కొట్టిన రైతులు ఎందరో. అలాంటి సమయంలో తెలిసీ తెలియని జవాబు ఖరీదు వేలల్లో ఉంటుంది. ఆ వేలు పోయేది చెప్పినవాడి జేబులోంచి కాదు.

పనికిరాని జవాబు అనగానే మనకు తిట్లు, వెటకారం గుర్తొస్తాయి. కానీ పైన చెప్పిన నలభైలో తిట్టినాయన ఒక్కడే. ఆయన వల్ల రైతు మనసు నొచ్చుకుంటుంది, అంతవరకే. మర్యాదగా, సాయం చేద్దామనే మంచి మనసుతో, ఏమీ అడక్కుండా మందు పేరు చెప్పిన పది మంది వల్ల జరిగే నష్టం అంతకంటే చాలా పెద్దది. ఆన్‌లైన్ మర్యాద గురించి మాట్లాడేటప్పుడు మనం మాట తీరు దగ్గరే ఆగిపోతాం. మాట మెత్తగా ఉండి విషయం లేని జవాబును మర్యాద కింద లెక్క వెయ్యడం సరికాదు.

ఇంకో నష్టం ఉంది, అది కంటికి కనబడదు. ఒక ప్రశ్న కింద నలభై కామెంట్లు ఉన్నాయంటే, నిజంగా తెలిసిన మనిషి, ఒక వ్యవసాయ విద్యార్థో, అనుభవమున్న రైతో, "సరే, ఎవరో చెప్పే ఉంటారు" అనుకుని ముందుకు స్క్రోల్ చేసి వెళ్లిపోతారు. అదే ఒక్క కామెంటూ లేకుండా ఉంటే ఆగి చదివేవాళ్లేమో. జవాబు రాని ప్రశ్న, నాకింకా జవాబు కావాలని తనంతట తానే చెప్పుకుంటుంది. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇందుకోసమే జవాబు దొరకని ప్రశ్నల జాబితా విడిగా ఉంటుంది, సాయం చేద్దామనుకునేవాళ్లు నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో అలాంటిదేమీ లేదు. అందుకే అక్కడ తెలియనప్పుడు ఊరుకోవడం కూడా సాయమే, ఆ మాట గట్టిగానే చెప్పాలి.

మరి తెలియనివాళ్లు జవాబు ఎందుకిస్తారు? మనుషుల గుణం మీదికి నెట్టేయడం తేలిక. కానీ చాలాసార్లు అడిగే చోటు ఎలా కట్టారన్నదే జవాబు ఎలా ఉంటుందో నిర్ణయిస్తుంది. అమెజాన్‌లో చాలాకాలం పాటు ఒక వస్తువు గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే, అంతకుముందు ఆ వస్తువు కొన్నవాళ్లకు ఈమెయిల్ వెళ్లేది, మీరు జవాబు చెప్పగలరా అని. ఈమెయిల్‌లో అడిగేసరికి చాలామందికి, ముఖ్యంగా పెద్దవాళ్లకు, ఎవరో తమనే ప్రత్యేకంగా అడుగుతున్నట్టు అనిపించేది. అడిగినవాళ్లకు బదులివ్వకపోతే బాగుండదు కదా. అందుకే "తెలియదండీ, మా మనవడికి గిఫ్ట్‌గా కొన్నాను" లాంటి జవాబులు అక్కడ కుప్పలుగా పడేవి. అవి చూసి నవ్వుకున్నవాళ్లు చాలామంది. కానీ ఆ రాసినవాళ్లు చేసింది మంచి మర్యాదే, ఎదుటివాడు అడిగితే తెలియదని నిజాయితీగా చెప్పడం. తప్పంతా వెయ్యిమంది చదివే బోర్డును ఒక్కరికి రాసిన ఉత్తరంలా చూపించిన పద్ధతిది.

యాహూ ఆన్సర్స్ కథ ఇంకాస్త వేరు. 2005 చివర్లో మొదలై 2021 మే 4న మూతబడిన ఆ సైటులో పాయింట్లు ఉండేవి. ప్రశ్న వేస్తే 5 పాయింట్లు పోతాయి, ఏ జవాబు రాసినా 2 వస్తాయి, ఉత్తమ జవాబుగా ఎంపికైతే 10. లెక్క చూస్తేనే అర్థమవుతుంది. గంటసేపు ఆలోచించి ఒక మంచి జవాబు రాసి, అది ఎంపికవుతుందో లేదో అని ఎదురుచూడటం కంటే, అదే గంటలో యాభై ప్రశ్నల కింద ఒక్కో ముక్క రాసిపడేస్తే వంద పాయింట్లు. రెండు పాయింట్ల కోసమే వచ్చామని జవాబులోనే రాసేసేవాళ్లు కూడా ఉండేవారు. రాసినదానికి కాక, రాయడానికే పాయింటు ఇస్తే జరిగేది ఇదే. ఇప్పటి గ్రూపుల్లో పాయింట్లు లేవు గానీ "టాప్ కాంట్రిబ్యూటర్" బ్యాడ్జీలున్నాయి, పేరు పదిమందికి కనబడుతుంది, ఆ కనబడటం కొందరికి వ్యాపారం కూడా. పురుగుమందుల షాపుతో సంబంధమున్న మనిషి ఆ మాట చెప్పకుండా ఒక బ్రాండు పేరు సూచిస్తే అది జవాబు వేషంలో ఉన్న ప్రకటన, గ్రూపు నడిపేవాళ్లు దాన్ని వెంటనే తీసేయాలి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

తెలుగు గ్రూపుల్లో "ఇన్‌బాక్స్ చెయ్యండి", "పర్సనల్‌గా కాల్ చెయ్యండి" అనే అలవాటు బాగా పాతుకుపోయింది. అమెరికా వీసా గ్రూపుల్లోనూ ఇంతే, గ్రూప్ వన్ గ్రూప్ టూ పరీక్షలకు చదివేవాళ్ల గ్రూపుల్లోనూ ఇంతే, ఇల్లు కట్టుకునేవాళ్ల గ్రూపుల్లోనూ ఇంతే. ఎదురుగా మాట్లాడితే వివరంగా చెప్పొచ్చని, నలుగురిలో తప్పు చెబితే పరువు పోతుందని, అందరూ మనవాళ్లే అన్న చనువుతో, ఇలా రకరకాల కారణాలు. అన్నీ అర్థం చేసుకోదగ్గవే. కానీ ఒక ప్రశ్నను అడిగేవాడు ఒక్కడైతే, నెల తర్వాతో ఏడాది తర్వాతో అదే సమస్యతో వెతుక్కుంటూ వచ్చి చదివేవాళ్లు వందల మంది ఉంటారు. వాళ్లకు కనబడేది ప్రశ్న, దాని కింద "మెసేజ్ పెట్టాను చూడండి" అన్న ముక్క, అంతే. అసలు జవాబు ఇద్దరి ఫోన్లలో ఉండిపోతుంది. దాంతో అదే ప్రశ్న మళ్లీ వస్తుంది, మళ్లీ అదే ఇన్‌బాక్స్, కొన్నాళ్లకు "రోజూ ఇదే ప్రశ్నా, విసుగొస్తోంది" అని పాతవాళ్లు కోప్పడటం మొదలవుతుంది. ప్రశ్న తిరిగి రావడానికి కారణం జవాబు బయట లేకపోవడమేనని ఎవరూ ఆలోచించరు. ఇన్‌బాక్స్‌లో చెప్పిన జవాబును ఎవరూ సరిదిద్దలేరు కూడా. నలుగురి ముందు తప్పు చెబితే ఇంకొకరు వచ్చి "అది కాదు" అంటారు. చాటున తప్పు చెబితే అది అలాగే నిలబడిపోతుంది. బ్యాంకు వివరాలు, ఆధార్ నంబరు, రోగానికి సంబంధించిన రిపోర్టులు లాంటివి ఉంటే చాటుగా మాట్లాడుకోవాల్సిందే, మిగతా అన్నిటికీ జవాబు ప్రశ్న కిందే ఉండాలి.

పాతవాళ్ల విసుగు గురించి వచ్చింది కాబట్టి దాన్ని కొంచెం న్యాయంగానే చూడాలి. ఇది ఇప్పటి సమస్య కాదు. 1980లో మొదలైన, ఇప్పటి గ్రూపులకు తాతలాంటి చర్చా వేదిక యూజ్‌నెట్‌లో ప్రతి ఏడాదీ సెప్టెంబరులో అమెరికా కాలేజీల్లో కొత్త విద్యార్థులు చేరేవారు, వాళ్లకు నెట్ చేతికొచ్చేది, పద్ధతులు తెలియక అడిగిందే అడిగేవారు, కొన్ని వారాల్లో సర్దుకునేవారు. పదేపదే వచ్చే ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకచోట పెట్టే పద్ధతి అక్కడే బలపడింది. 1993 నుంచి ఇంటింటికీ ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మే కంపెనీలు తమ ఖాతాదారులకు యూజ్‌నెట్ తెరిచేసరికి కొత్తవాళ్ల రాక ఆగనే లేదు. అప్పటి పాతవాళ్లు దాన్ని ఎప్పటికీ అయిపోని సెప్టెంబరు అన్నారు. 1995లో ఆన్‌లైన్ మర్యాదల మీద వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం, ఒక గ్రూపులో ఏదైనా రాసేముందు నెల నుంచి రెండు నెలలు ఊరికే చదువుతూ ఉండమని సలహా ఇచ్చింది. ఆ రోజుల్లో గ్రూపు అంటే ఒక ఊరు, అక్కడే ఉండటానికి వచ్చేవారు. ఇవాళ మనిషి ఒక సమస్యతో వస్తాడు, సమస్య తీరితే వెళ్లిపోతాడు, రెండు నెలలు చదువుతూ కూర్చోమనడం కుదరదు. కాబట్టి నేర్పే భారం కొంత పాతవాళ్ల మీద పడింది. ఇది వాళ్లు కోరుకున్నది కాదు, జీతం లేని పని, అయినా పడింది.

ఈ భారాన్ని స్టాక్ ఓవర్‌ఫ్లో నియమాలతో మోయాలని చూసింది. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పాల్‌స్కీ మొదలుపెట్టిన ఈ సైటు ఆలోచన చాలా స్పష్టమైనది: కబుర్లు వద్దు, ప్రశ్న, దాని జవాబు, మంచి జవాబు ఓట్లతో పైకి, తర్వాత వచ్చేవాళ్ల కోసం అంతా పోగవ్వాలి. హైదరాబాదులో, విజయవాడలో ఇంజినీరింగ్ చదివి ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లినవాళ్లలో దాని మేలు పొందనివాళ్లు దాదాపు ఉండరు. కానీ అక్కడి నియమాలే కొత్త రకం పనికిరాని జవాబుల్ని పుట్టించాయి. ఇతరుల పోస్టుల కింద కామెంటు రాయాలంటే ఇతరుల ఓట్లతో వచ్చే పాయింట్లు 50 ఉండాలి, జవాబు రాయడానికి మాత్రం అక్కర్లేదు. దాంతో "మీ జవాబులో ఈ లైను నాకు పని చెయ్యలేదు, ఎందుకు?" అని అడగాలనుకున్న కొత్త కుర్రాడు వేరే దారి లేక దాన్ని జవాబుగా రాస్తాడు. కాసేపట్లో మైనస్ ఓట్లు పడతాయి, ఇది జవాబు కాదని తీసేస్తారు. చెత్త జవాబు రాయాలని వాడు అనుకోలేదు, ఉన్న తలుపు అదొక్కటే.

ఇంకో గొడవ "ఇది ఇదివరకే అడిగారు" అని ప్రశ్నను మూసేయడం. సూత్రంగా చూస్తే ఇందులో తప్పేమీ లేదు, పాత మంచి జవాబు దగ్గరికి దారి చూపిస్తే అది సాయమే. కానీ ఒక్కోసారి ఆ పాత జవాబు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండో వెర్షన్ (పైథాన్ 2) నాటిదై ఉంటుంది, అడిగినవాడి దగ్గర ఉన్నది పైథాన్ 3. పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే మద్దతు ఆగిపోయింది. ఆ జవాబులోని కోడు ఇప్పుడు మొదటి లైనుకే ఎర్రర్ ఇవ్వొచ్చు. దారి చూపించినవాళ్లు ఒక్క నిమిషం తీసుకుని "అందులో రెండో జవాబు చూడండి, మొదటిది పాతబడింది" అని రాస్తే మొత్తం మారిపోతుంది. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చి, ఇంగ్లిష్‌లో ప్రశ్న కూర్చుకోవడానికే అరగంట పట్టిన విద్యార్థికి, ఒక్క మాటా లేకుండా ప్రశ్న మూతబడితే అర్థమయ్యేది ఒకటే, నాకిక్కడ చోటు లేదని. స్టాక్ ఓవర్‌ఫ్లోకి పోర్చుగీసు, రష్యన్, జపనీస్, స్పానిష్ భాషల్లో విడి సైట్లున్నాయి, తెలుగుకు లేదు. 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే తమ సైటు కొత్తవాళ్లకు ఆదరంగా లేదని బహిరంగంగా ఒప్పుకుంది, అదే ఏడాది ప్రవర్తనా నియమావళి తెచ్చింది, కొత్తగా వచ్చినవాళ్ల పేరు పక్కన గుర్తు పెట్టింది. తప్పు ఒప్పుకోవడం మంచిదే, అయితే అప్పటికి పదేళ్లు గడిచాయి.

"గూగుల్ చెయ్యండి బ్రో" అన్న జవాబు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ మాట విని గూగుల్ చేసినవాడికి ఒక్కోసారి మొదట వచ్చే పేజీ, "గూగుల్ చెయ్యండి" అని రాసి ఉన్న ఆ పేజీయే. ఏ మాటలతో వెతకాలో చెబితే అది జవాబవుతుంది. సమస్య పేరు తెలియనివాడు వెతకలేడు, ఆ పేరు తెలిసినవాడు ఇక్కడున్నాడు, ఇచ్చేది ఆ ఒక్క ముక్కే.

దీనికంటే చిక్కుది "అసలు అది మీకెందుకు?" అన్న ఎదురు ప్రశ్న. ఇది కొన్నిసార్లు అత్యుత్తమ జవాబు, కొన్నిసార్లు చిరాకు. ప్రోగ్రామర్లు చెప్పుకునే పాత ఉదాహరణ ఒకటుంది. ఒకడు ఫైలు పేరులో చివరి మూడు అక్షరాలు ఎలా తీసుకోవాలని అడుగుతాడు. చెప్పేస్తే అయిపోతుంది. కానీ వాడికి నిజంగా కావాల్సింది అది ఏ రకం ఫైలో తెలుసుకోవడం, అన్ని రకాల ఫైళ్లకీ చివర మూడే అక్షరాలు ఉండవు కాబట్టి వాడి ప్రోగ్రాం ఎక్కడో దెబ్బతింటుంది. ఎందుకని అడిగినవాడు ఇక్కడ వాడిని కాపాడాడు. అదే, అద్దె ఇంట్లో ఉంటున్నావిడ గోడకు మేకు కొట్టకుండా బరువైన అద్దం ఎలా తగిలించాలని అడిగితే "మేకు కొడితే పోయేదానికి ఎందుకింత తిప్పలు" అన్నవాడు ఆవిడ పరిస్థితిని చదవనే లేదు. తేడా ఎక్కడుందంటే, ఎందుకని అడిగినవాడు ఆ కారణం విన్నాక జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నదాంట్లో. అన్నిటికంటే మంచి పద్ధతి, అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెప్పి, ఆ తర్వాత "మీ అవసరం ఫలానా అయితే ఇంకో దారి ఉంది" అనడం. కొందరు మాత్రం తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, తమకు తెలిసిన పరికరమో పద్ధతో తప్ప వేరేది లోకంలో లేదన్నట్టు మాట్లాడతారు. విండోస్‌లో సమస్య అంటే లినక్స్ పెట్టుకోమంటారు, మధుమేహానికి ఏ బియ్యం మంచివని అడిగితే తినడమే మానేయమంటారు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఈ లెక్కలన్నీ కదిలిపోయాయి. వారం తిరక్కుండానే, డిసెంబరు 5న, స్టాక్ ఓవర్‌ఫ్లో దాంతో రాసిన జవాబుల్ని నిషేధించింది. చూడ్డానికి బాగుండి, లోపల తప్పులున్న జవాబులు క్షణాల్లో వేలకొద్దీ రావడమే కారణం. మందు పేరు చెప్పే పది మంది సమస్యే ఇది, కాకపోతే ఇప్పుడు ఆ పేరు చుట్టూ నాలుగు పేరాల నమ్మకమైన వాక్యాలున్నాయి. ఏఐని అడిగి అతికించడం తప్పు కాదనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, అడిగినవాడి దగ్గరా అదే ఫోనుంది. వాడు మనుషుల్ని అడిగాడంటే మనుషుల అనుభవం కావాలనే అడిగాడు. ఇంకోవైపు, జనం గ్రూపుల్ని వదిలి ఏఐ దగ్గరికి వెళ్లడానికి ఒక పెద్ద కారణం అది చీవాట్లు పెట్టదు, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. 2024లో వచ్చిన ఒక అధ్యయనం, చాట్‌జీపీటీ వచ్చిన ఆరు నెలల్లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో రాతలు, చాట్‌జీపీటీ అందుబాటు పరిమితంగా ఉన్న రష్యన్, చైనీస్ సైట్లతో పోలిస్తే, 25 శాతం తగ్గాయని తేల్చింది. ఆ తగ్గిన సంభాషణలు ఎక్కడికీ పోలేదు, ఒక్కొక్కరి ఫోనులో ఒంటరిగా జరుగుతున్నాయి, అంటే లోకమంతా ఇన్‌బాక్స్‌లోకి వెళ్లింది. తర్వాత వచ్చేవాడికి అక్కడ చదవడానికి ఏమీ మిగలదు.

అడిగేవాళ్ల బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. "అర్జెంట్, ప్లీజ్ హెల్ప్" అని రాస్తే ఎదుటివాడికి టెన్షన్ తప్ప సమాచారం అందదు. ఏం చేశారో, ఏమైందో, తెర మీద ఏ మాటలు కనబడ్డాయో, ఇప్పటికే ఏవి ప్రయత్నించారో రాస్తే సగం చెత్త జవాబులు పుట్టనే పుట్టవు. ఎర్రర్‌ను ఫొటో తీసి పెట్టకుండా అక్షరాల్లో పెడితే తర్వాతివాళ్లు వెతికినప్పుడు ఆ పేజీ దొరుకుతుంది. వచ్చిన ప్రశ్నలకు బదులివ్వాలి, ప్రశ్న వేసి మాయమైపోకూడదు. అన్నిటికంటే ఎక్కువగా ఎగ్గొట్టేది చివరి మెట్టు. "సాల్వ్ అయింది, థాంక్స్ ఆల్" అని రాసి వెళ్లిపోతారు, ఎలా సాల్వ్ అయిందో చెప్పరు. అదే సమస్యతో మూడేళ్ల తర్వాత ఆ పేజీకి వచ్చినవాడికి అది ఎంత నిరాశో. స్టాక్ ఓవర్‌ఫ్లోలో తన ప్రశ్నకు తానే జవాబు రాసి, రెండు రోజులాగి దాన్నే సరైన జవాబుగా గుర్తించే వీలుంది. ఫేస్‌బుక్ గ్రూపులో పోస్టును ఎడిట్ చేసి పైన నాలుగు లైన్లు చేర్చొచ్చు. ఏం చేశాం, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులకు తేడా కనబడింది, ఎవరి సలహా పని చెయ్యలేదు. ఆ ఎడిట్‌కు ఐదు నిమిషాలు పడుతుంది.